గిటార్ మీద కార్డు (chord) మారేటప్పుడు చెయ్యి తడబడకుండా: నా అనుభవం

విజయనగరంలో గిటార్ పట్టేవాళ్లకు చాలావరకు వయొలినో గాత్రమో అంతో ఇంతో వచ్చే ఉంటుంది. 1919 నుంచీ సంగీత కళాశాల ఉన్న ఊరు మరి. నాకూ అంతే. స్వరానికి, తాళానికి ఢోకా లేదు. ఇబ్బందల్లా వేళ్లతోనే. వయొలిన్ మీద ఒకదాని తర్వాత ఒకటి పడటం వాటికి అలవాటు, కార్డుకేమో, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడానికి, మూడు వేళ్లూ ఒక్కసారే దిగాలి.

సి, ఏ మైనర్ అనే కార్డుల జతతో మొదలుపెట్టాను. (తీగల లెక్క అన్నిటికంటే సన్నదాని నుంచి; ఫ్రెట్ అంటే గిటార్ మెడ మీది అడ్డపట్టీల మధ్య గడి.) రెండింటికీ చూపుడువేలు రెండో తీగ మొదటి ఫ్రెట్‌లో, మధ్యవేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్‌లో కదలకుండా ఉంటాయి. ఉంగరపువేలు ఒక్కటే ఐదో తీగ మూడో ఫ్రెట్ నుంచి మూడో తీగ రెండో ఫ్రెట్‌కి వస్తుంది. అయినా చెయ్యంతా ఎత్తి మళ్లీ పెట్టబుద్ధవుతుంది. ఆలస్యమంతా ఆ ఎత్తడంలోనే.

జి కార్డుకి ఉంగరపువేలు ఆరో తీగ మూడో ఫ్రెట్, మధ్యవేలు ఐదో తీగ రెండో ఫ్రెట్, చిటికెనవేలు ఒకటో తీగ మూడో ఫ్రెట్. చిటికెనవేలు కొన్నాళ్లు మొరాయిస్తుంది, మొరాయించనివ్వండి. లాభం ఎక్కడంటే, ఆ ఉంగరపు, మధ్య వేళ్ల జోడీ అదే ఆకారంలో ఒక్క తీగ కిందికి జరిగితే సి. ఇంకో తీగ జరిగి, చూపుడువేలు వాలి ఒకటి, రెండు తీగల్ని మొదటి ఫ్రెట్‌లో నొక్కితే చిన్న ఎఫ్. అప్పుడు ఐదు, ఆరు తీగలు మీటకూడదు.

సికి చూపుడువేలు ముందు పెట్టడం అందరూ చేసే పనే. కానీ కిందికి కొట్టే స్ట్రోక్ ముందు తగిలేది ఐదో తీగకి. అందుకని ఉంగరపువేలు ముందు దిగాలి.

మెట్రోనోమ్ (లయకి టిక్కుటిక్కుమనే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, ఆదితాళం లెక్కన నాలుగేసి అక్షరాలకు, అంటే నాలుగేసి దెబ్బలకు, ఒక కార్డు. కొత్తది సరిగ్గా దెబ్బ మీద పడాలంటే నాలుగో అక్షరం రెండో సగంలోనే వేళ్లు లేపెయ్యాలి. అప్పుడు పైకి కొట్టే స్ట్రోక్ ఖాళీ తీగల మీద పడ్డా చెవికి పెద్దగా తెలియదు. కుడిచెయ్యి ఆగితే మాత్రం ఇట్టే తెలిసిపోతుంది.

ఇంత చేసినా మొదటి ఫ్రెట్‌లో తీగలు లొంగకపోతే రెండో ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే క్లిప్పు) బిగించి, అవే కార్డులు పట్టి చూడండి. అప్పుడు సులువైందంటే లోపం వేళ్లది కాదు, నట్‌లో (మెడ చివర తీగలు ఆనే పట్టీలో) గాళ్లు ఎత్తుగా ఉన్నాయి. రిపేరు చేసేవాళ్లతో కొంచెం అరగదీయించాలి. సొంతంగా ఆకురాయి పట్టుకోవద్దు, ఎక్కువ అరిగితే తీగ గరగరమంటుంది.