మామిడి తోట ఎనక పన్నెండు టార్గెట్లు

ఆర్చరీ అంటే చానా మందికి చదును గ్రౌండు, 70 మీటర్ల అవతల రంగుల టార్గెటే గుర్తొస్తది. ఫీల్డ్ ఆర్చరీ అట్ల కాదు, చెట్ల నడుమ నడుసుకుంట పోయి ఒక్కో టార్గెట్ కాడ ఆగి కొట్టాలె, మా అసొంటి లాంగ్‌బో, బేర్‌బో అనే సాదా విల్లుల వాళ్ళకైతే సైట్ (గురి చూసే పరికరం) ఉండదు, దూరం కూడా కండ్లతోనే అంచనా వెయ్యాలె. నర్సంపేట దిక్కు మా బావోళ్ళ మామిడి తోట, దాని ఎనక నీలగిరి చెట్లు, ఒక ఒర్రె ఉన్నయి, ఆ జాగల కోర్స్ వేస్తున్నం.

పాఖాల దగ్గరనే కదా, అడవిలనే పెట్టుకోరాదా అంటరు కొందరు. అది అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టంల విల్లు, బాణం కూడా ఆయుధాల లెక్కనే ఉన్నయి, పర్మిషన్ లేకుంట లోపలికి తీసుకపోవద్దు. సొంత పట్టా భూమైతే ఏ లొల్లి లేదు.

పెద్ద పోటీలల్ల 24 టార్గెట్లు పెడతరు, మాకు 12 చాలు, రెండుసార్లు తిరిగితే అయిపాయె. కానీ ఈ 12 ఏడేడ పెట్టాలన్నదే అసలు పని. నేనైతే కొట్టేటోడు నిలబడే జాగ చివరికి చూస్తా, ముందు టార్గెట్ ఎనకకు పోయి నిలబడి చూస్తా, తప్పిన బాణం ఎటు పోతది, ఆడ ఏమున్నది అని. ఒర్రె గట్టు ఉన్న కాడ మట్టిల దిగి ఆగుతది. రాతి గుండ్లు, కంచె కడీలు ఉన్న కాడ మాత్రం పెట్టనే వద్దు, కర్ర బాణం తాకితే ముక్కలైనా అయితది, ఎటన్నా ఎగిరన్నా పోతది. తోట చూసుకునే కాకకు ఇదంతా చెప్తుంటే ఆయన ఒక్క మాటల తేల్చిండు: "బాణం సంగతి తర్వాత బిడ్డా, పొద్దూకంగ మేకలోళ్ళు ఈ దారిలకెల్లే పోతరు, గది చూడు." నిజమే, రెండు లైన్లు అటే ఉండె, వాటిని తిప్పేసినం. ఇప్పుడు నడిచే బాట ఏ టార్గెట్ ఎనకకెల్లి పోదు, ఒక లైన్ ఇంకో లైన్‌ను కోయదు, ఆట నడిచినంత సేపు బాట మొదట్ల ఎర్ర గుడ్డ కడతం.

దూరాల కాడ మజా ఉన్నది. 3డి పోటీల (జంతువుల బొమ్మలను కొట్టేటివి) రూల్స్ ప్రకారం మా విల్లులకు 30 మీటర్లు దాటొద్దు, మేము అదే పట్టుకున్నం. కానీ ఒర్రె మీదికెల్లి అవతలి గట్టుకు కొడితే నడుమ నేల కనపడదు, దూరం తక్కువ అనిపిస్తది. చెట్ల నీడ సందుల అదే 25 మీటర్లు ఇంకా దూరం అనిపిస్తది. ఇగ కిందికి కొట్టుడు వేరే కథ, 30 డిగ్రీల వాలుల 30 మీటర్లుంటే బాణానికి అది 26 మీటర్ల లెక్కనే, ఎక్కిచ్చి కొట్టినోడిది టార్గెట్ మీదికెల్లి పోతది. మీదికి కొట్టినా ఇదే లెక్క, చెప్తే ఎవ్వరూ నమ్మరు.

టార్గెట్లకు బేలర్ కట్టిన వరిగడ్డి కట్టలే వాడుతున్నం, ట్యూబు పట్టీలతోటి బిగ్గ గుంజి కట్టాలె, లేకపోతే బాణం ఇటు దూరి అటు ఎల్తది. నేల మీద పెడితే చెదలు పడతది, అందుకే కింద పాత టైర్లు. బాణాల ఈకలు ఎర్రగనో పచ్చగనో ఉంటే మంచిది, ఎండిన నీలగిరి ఆకులల్ల గోధుమ రంగు బాణం ఎతకాలంటే ప్రాణం పోతది, పైంగ పాముల భయం.

పెగ్గులు (కొట్టేటోడు నిలబడే జాగకు గుర్తుగ పాతే మేకులు) మాత్రం ఇంకా పాతలేదు, వానలు పడి గడ్డి పెరిగినంక ఏ టార్గెట్ ఎంత కనపడ్తదో చూసే పాతుదమనుకున్నం. ఏడో టార్గెట్ ఎట్లనూ జరపాలె, అది బావ బంగినపల్లి చెట్టు ముంగటున్నది, కాయల మీద ఒక్క బాణం పడ్డా కోర్స్ మొత్తం పీకేస్తా అన్నడు.