వరద నీళ్ళా, మనిషి చెయ్యా?

ఆదివారం, అమలాపురం.

వాన వెలిసినా గాలిలో చెమ్మ తగ్గలేదు. ఇలాంటి రోజున ఆల్బమ్‌లు బయటికి తీస్తే జిగురు మెత్తబడి స్టాంపులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అందుకని ఇవాళ వాటి జోలికి పోకూడదనుకున్నాను. ఇంతలో వెనక వీధి మాస్టారు సంచితో వచ్చారు. గోదావరి లంకలో వాళ్ళ తాతల నాటి ఇల్లు పడగొడుతున్నారట. ట్రంకు పెట్టెలో దొరికిన కాగితాల కట్ట నాకోసం తెచ్చారు.

"చాలా స్టాంపులున్నాయండి ఇందులో. నీళ్ళలో నానబెట్టి ఊడదీసి ఇమ్మంటారా?"

"అయ్యయ్యో, ఆ పని మాత్రం చెయ్యకండి మాస్టారూ!"

తపాలా బిళ్ళని కవరు మీంచి తీసి దాచుకునేవాళ్ళున్నారు. రెవెన్యూ స్టాంపు సంగతి వేరు. 1899 స్టాంపు చట్టం 12వ సెక్షన్ ప్రకారం, అంటించిన స్టాంపుని మళ్ళీ వాడటానికి వీల్లేకుండా రద్దు చెయ్యాలి. మనం సంతకం సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడేలా పెట్టేది అందుకే. ఇప్పుడు ఐదు వేలు దాటిన రశీదు మీద రూపాయి స్టాంపు అంటించినా చేసేది అదే. ఆ గీత స్టాంపు అంచు దాటే చోటే అసలు సాక్ష్యం ఉంటుంది. ఊడదీశామా, అది కాస్తా పోతుంది.

కట్టలో ఎక్కువగా ధాన్యం, కొబ్బరికాయలు అమ్మిన రశీదులే. అప్పట్లో ఇరవై రూపాయలు దాటితే అణా స్టాంపు పడేది. 1906 నుంచి ఎడ్వర్డ్ రాజు బొమ్మతో అర్ధణా, అణా స్టాంపులు 'ఇండియా పోస్టేజ్ అండ్ రెవెన్యూ' అని వచ్చాయి. ఉత్తరానికీ అదే, రశీదుకీ అదే. కట్టలో ఆ ఎర్ర అణా స్టాంపులు చాలానే కనిపించాయి.

అందులో ఒక రశీదు దగ్గర ఆగిపోయాను. కాగితం మీద సంతకం నల్లగా, నిక్షేపంగా ఉంది. అదే సంతకం స్టాంపు మీదికీ వెళ్ళింది. కానీ రాజుగారి గడ్డం దగ్గర మరో గీత ఉంది, లేత గోధుమ రంగులో, అడ్డంగా. అది స్టాంపు అంచు దాకా వచ్చి ఆగిపోయింది. పక్కన కాగితం మీద దాని కొనసాగింపు లేదు. ఆ గీత ఉన్న మేర స్టాంపు రంగు కూడా వెలిసిపోయింది.

"వరదలో తడిసిందండి, ఎనభై ఆరులో పెట్టె మొత్తం మునిగింది," అన్నారు మాస్టారు. నిజమే, 1986 ఆగస్టు వరద గుర్తు ప్రతి కాగితం మీదా ఉంది. అయితే వరద మరక స్టాంపుని, కాగితాన్ని వేరుగా చూడదు. ఆ మట్టి గీత రశీదు ఈ చివర నుంచి ఆ చివరకి, స్టాంపు మీదుగా సాగిపోయింది. పైగా ఆ రోజుల్లో కరక్కాయ, అన్నభేది అనే ఇనుప ఉప్పు కలిపి కాచిన సిరా ఎండి పట్టుకుందంటే మామూలు నీళ్ళకి ఓ పట్టాన లొంగదు. లొంగేది పులుపుకి, ఆక్సాలిక్ ఆమ్లం లాంటివాటికి. చుట్టూ సిరా నల్లగా ఉండి, స్టాంపు మీద ఒక్క గీతే వెలిసిందంటే అది వరద పని కాదు. ఎవరో వాడిన స్టాంపుని కడిగి మళ్ళీ అంటించారు.

గది చీకటి చేసి యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి వేశాను. కడిగేసిన గీత ముదురుగా పైకి తేలింది. అదొక్కటే కాదు, దాని కింద ఇంకో రెండు అక్షరాల కొసలు కూడా. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. ఒక్క అణా కోసం ఇంత శ్రమ పడ్డారంటే ఎంత ఇబ్బందిలో ఉన్నారో అన్నారు. చట్టం మాత్రం దీన్ని చిన్న సంగతిగా చూడలేదు. గుర్తు చెరిపినా, చెరిపినదని తెలిసి వాడినా 2024 దాకా అమల్లో ఉన్న 1860 నాటి శిక్షాస్మృతిలో విడిగా సెక్షన్లే ఉండేవి.

నాకు ఆ అణా మనిషి మీద కోపం రాలేదు. కోపమంతా ఈ కాలంలో ఇదే పని డబ్బుకోసం చేసేవాళ్ళ మీద. పెన్ను గీత పడిన స్టాంపు చవక, తపాలా ముద్ర పడినది ఖరీదు. 1909లో వచ్చిన 15, 25 రూపాయల ఎడ్వర్డ్ స్టాంపుల్లాంటివి ఎక్కువగా ఉత్తరాలకి కాకుండా వేరే వాటికే వాడారు. వాటిలో పెన్ను గీత పడినవి తీసుకుని, గీత కడిగేసి, దొంగ ముద్ర గుద్ది అమ్ముతారు. లేదా వెనక కొత్త జిగురు పూసి, అసలు వాడనేలేదంటారు. అలాంటివాటిని భూతద్దంలో స్టాంపు అంచున ఉండే పళ్ళ దగ్గర చూడాలి. చింపిన పళ్ళ కొసన కాగితం పోగులు మెత్తగా విడిపోయి ఉండాలి. తర్వాత పూసిన జిగురైతే పోగులు గట్టిపడి వేలికి గరుగ్గా తగులుతాయి. వెనక్కి తిప్పి ఏటవాలుగా లైటు వేస్తే కలం నొక్కిన గాడి కూడా కనిపిస్తుంది. సిరా పోతుంది గానీ గాడి అంత తేలిగ్గా పోదు.

కోర్టు ఫీజు స్టాంపుల్లో ఇంకో తంతు ఉంది. 1870 కోర్టు ఫీజుల చట్టంలో స్పష్టంగా రాశారు: విలువ అంకె చెడకుండా, బొమ్మలోని తల భాగానికి చిల్లు కొట్టాలి, ఊడొచ్చిన ముక్కని కాల్చెయ్యాలి లేదా నాశనం చెయ్యాలి. చిల్లు ఉన్నదే నిజాయితీగా పనిచేసిన స్టాంపు. నా దగ్గరున్న విక్టోరియా రాణి స్టాంపు ఒకటి మాస్టారుకి చూపించాను. తల చక్కగా ఉంది, చిల్లు లేదు. యూవీ కింద పెట్టగానే తల ఉన్న చోట గుండ్రంగా నీలి తెలుపు మెరుపు. కాగితానికి అలాంటి మెరుపునిచ్చే రసాయనాలు వచ్చింది ఇరవయ్యో శతాబ్దం నడుమ. రాణిగారి కాలపు కాగితం అలా మెరవదు. కొత్త కాగితం ముక్క అతికి, పైన తల గీశారు. అది నకిలీకి నమూనా అని తెలిసే దాచాను. వెనక పెన్సిలుతో రాసి కూడా ఉంచాను.

మాస్టారు వెళ్ళేముందు, "మరి ఆ రశీదు పారేస్తారా?" అని అడిగారు.

"పారెయ్యడమేంటండి, ఈ కట్టలో మంచిది అదే."

రశీదు మడత విప్పి, అద్దుడు కాగితాల మధ్య పెట్టి పైన బరువు ఉంచాను. కవరు మీద 'అణా, స్టాంపు తిరిగి వాడినది, వరద మరక వేరు, చెరిపిన గీత వేరు' అని రాశాను. ఆరాక రశీదు మొత్తం అలాగే ఫ్రేములో పెట్టాలి. మిగతా కట్ట ఎండ వచ్చాకే విప్పుతాను.