చిన్న వంటగది: గట్టు కింద స్టాండు తయారైపోయింది, కొలతలతో సహా

మాది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు అద్దె ఇల్లు, వంటగది 8 అడుగుల పొడవు 5 అడుగుల వెడల్పు, ఒక పక్కనే గట్టు, పైన అటక, గట్టు కింద తలుపుల్లేని ఖాళీ, అంతే. గోడలకి డ్రిల్ పెట్టొద్దని ఓనరుగారు ముందే చెప్పేశారు కాబట్టి మాడ్యులర్ కిచెన్ మాటే లేదు. అయినా ఉన్న గదిలోనే జాగా తియ్యడం అంటే నాకు భలే ఇష్టం, సెలవు దొరికితే చాలు టేపు పట్టుకుని అక్కడే ఉంటున్నా.

ముందు ఏమీ కొనలేదు, కొలతలు తీశానంతే, అవి కూడా ఎక్కువగా ఎత్తులే. గట్టు కింద నేల నుంచి రాయి దాకా 29 అంగుళాలు. అక్కడ మేం పెట్టుకునే డబ్బాలు చాలావరకు 8 అంగుళాలే, అంటే డబ్బా మూత పైన ఇంకో 21 అంగుళాలు ఊరికే పోతోంది. చోటు లేదు చోటు లేదు అనుకుంటాం గానీ లేనిది నేల మీదే, ప్రతి వస్తువు నెత్తి మీదా చోటు బోలెడంత ఉంది. నేను చేసిన పనంతా ఈ ఒక్క లెక్క మీదే నడిచింది.

స్టాండు స్లాటెడ్ యాంగిల్‌తో చేశా, అదే కిరాణా షాపుల్లో, గోడౌన్లలో కనపడే చిల్లుల ఇనుప ర్యాకు. అడుగుల లెక్కన అమ్ముతారు, కొలత చెప్తే షాపులోనే కోసిస్తారు, నట్లు బిగించడానికి ఒక స్పానర్ చాలు, గోడతో పనే లేదు, ఇల్లు మారితే విప్పి పట్టుకుపోవచ్చు, అద్దె ఇళ్ళవాళ్ళకి ఇంతకంటే మంచిది లేదనేది నా గట్టి నమ్మకం. నాది 30 అంగుళాల పొడవు, 20 లోతు, కాళ్ళు 22 ఎత్తు. మధ్యలో రెండు చెక్కలు, అరంగుళం మందం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్. కింద అర నేలే, దానికి చెక్క అక్కర్లేదు, అక్కడ 12 అంగుళాల ఎత్తు వదిలా. దాని మీద 9, ఆ పైన గట్టు రాయి దాకా 7. యాంగిల్ మొత్తం కలిపి 25 అడుగులు పట్టింది, చెక్కతో, నట్లతో కలిపి ఖర్చు రెండు వేల చిల్లర. కాళ్ళ కింద ప్లాస్టిక్ బుష్‌లు మాత్రం తప్పనిసరిగా వెయ్యండి, వంటగది నేల రోజూ తడుస్తుంది కదా, ఇనుము నేరుగా ఆనితే తుప్పు మరక టైల్స్‌కి పట్టేసి ఇక పోదు.

12 అంగుళాల అరలో కుక్కర్, ఇడ్లీ పాత్ర, ఆవకాయ జాడీలు. జాడీల గురించి అమ్మ వచ్చినప్పుడు చూసి "జాడీ మాత్రం ఎప్పుడూ కిందే ఉంచవే, పైన పెడితే దింపేటప్పుడు చెయ్యి జారుద్ది" అంది, అది నూటికి నూరుపాళ్ళు నిజం, బరువున్నవి కింద ఉంటే స్టాండు కూడా కదలకుండా కుదురుగా ఉంటుంది. 9 అంగుళాల్లో పప్పులు, పిండ్లు, రవ్వలు. 7 అంగుళాల్లో కంచాలు, మూతలు. మూతల కోసం కంచాలు నిలబెట్టే స్టీల్ స్టాండు ఒకటి విడిగా తీసుకున్నా, ఒకదాని మీద ఒకటి పడేస్తే అడుగున ఉన్న మూత లాగేసరికి అన్నీ కింద పడతాయి, నిలువుగా ఉంటే కావాల్సింది ఒక్కటే వస్తుంది.

ఇక లోతు సంగతి. 20 అంగుళాల లోతంటే వెనక వరసలో ఏముందో మర్చిపోతాం, పెసరపప్పు ఉండగానే ఇంకో ప్యాకెట్ కొంటాం. డ్రాయర్లు చేయించాలంటే ఛానల్స్, కార్పెంటరు, చాలా ఖర్చు. దానికి బదులు పొడుగాటి ప్లాస్టిక్ ట్రేలు తీసుకున్నా, ఒక్కోటి 19 అంగుళాలు, దాంట్లోనే ముందూ వెనకా డబ్బాలు సర్దేసి మొత్తం ట్రేని బయటికి లాగడమే. ప్లైవుడ్ గరుకుగా ఉండి ట్రే పట్టేస్తుంటే చెక్క మీద సన్‌మైకా ముక్క అంటించా, నున్నటి వైపు పైకి. ఇప్పుడు కందిపప్పు నిండా ఉన్న ట్రే కూడా రెండు వేళ్ళతో లాగితే జారుకుంటూ వచ్చేస్తోంది, చెక్క వెనక అంచు దగ్గర సన్నటి బద్ద ఒకటి కొట్టా, లోపలికి తోసిన ట్రే అక్కడ తగులుకుని ఆగుతుంది. ఆ బద్ద కొట్టడానికి పట్టిన టైము చాలా తక్కువ, రోజూ దానివల్ల ఉండే సుఖం మాత్రం చాలా ఎక్కువ.

డబ్బాలు గుండ్రటివి తీసేసి పలకలవి పెట్టుకోవాలా అంటే నేనైతే అవుననే అంటా. చదరం అరలో గుండ్రటి డబ్బా పెడితే నాలుగు మూలలా కలిపి దాదాపు 21 శాతం జాగా పోతుంది, ఇది పక్కా లెక్క. అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు, ఎక్కువ జాగా తినే కందిపప్పు, మినప్పప్పు, గోధుమపిండి వీటికి మారిస్తే చాలు. బేగంబజార్లో దొరకని సైజు లేదు, వెళ్ళేటప్పుడు అర కొలతలు కాగితం మీద రాసుకుని టేపు పర్సులో వేసుకెళ్ళండి, షాపులో చిన్నగా కనపడ్డ డబ్బా ఇంట్లో అరలో పట్టకపోవచ్చు. పోపుల డబ్బా మాత్రం గుండ్రటిదే ఉంచుకున్నా, అది పొయ్యికి ఎడమ పక్కన, కుడిచేత్తో గరిటె ఉంటుంది కాబట్టి ఎడమచెయ్యి దానంతటదే అటు వెళ్తుంది.

బియ్యం డబ్బా ఫ్రిజ్ పక్క సందులో పెట్టా. 2022లో 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చాక మన దగ్గర 26 కిలోల బస్తాలే కదా ఎక్కువ, డబ్బాలేమో 25 కిలోలవి అమ్ముతారు, మిగిలిన కిలో ప్రతి నెలా ఒక కవర్లో వేలాడుతూ ఉంటుంది. లీటరు గిన్నెలో బియ్యం ఎనిమిది వందల గ్రాములకి కాస్త అటూ ఇటూ పడతాయి, ఆ లెక్కన బస్తా మొత్తానికి ముప్పై రెండున్నర లీటర్లు కావాలి. 12 అంగుళాల చదరం, 15 ఎత్తు ఉన్న డబ్బా అయితే 35 లీటర్లు, హాయిగా సరిపోయింది. అడుగున ప్లైవుడ్ ముక్కకి నాలుగు చక్రాలు బిగించా, రెండింటికి లాకు ఉంది. అలాంటిదే ఇంకో చక్రాల చెక్క గ్రైండర్‌కి కూడా, రుబ్బేటప్పుడు ముందుకి లాక్కుని లాకు వేసుకోవడమే.

సిలిండర్ సంగతి ఇక్కడే చెప్పేస్తా. గట్టు కింద జాగా తియ్యాలనే ఊపులో చాలామంది సిలిండర్ ముందు డబ్బాలు పేర్చేస్తారు, కొందరు పూర్తిగా మూసేస్తారు, దయచేసి అలా చెయ్యకండి. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది, అందుకని కింద గాలి ఆడుతూ ఉండాలి. సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి, ట్యూబు మీటరున్నర దాటకూడదు, ఐదేళ్ళకోసారి మార్చాలి. గ్యాసుతో కలిపి దాదాపు 30 కిలోలు ఉంటుంది కాబట్టి మార్చేటప్పుడు అడ్డం ఏదీ లేకుండా ముందు ఒక అడుగున్నర ఖాళీ వదిలేశా, అక్కడ ఏమీ పెట్టను. అలాగే పొయ్యికి సరిగ్గా పైన రెండున్నర అడుగుల దాకా ఏ అరా లేదు, వేడికి మసాలాలు వాసన పోతాయి, నూనె జిడ్డు పేరుకుంటుంది.

గట్టు మీద మాత్రం ఒకే ఒక చిన్న బల్ల, 11 అంగుళాల ఎత్తు, గోడకి ఆనించి. కింద మిక్సీ మోటారు, పైన దాని జార్లు, ఉప్పు, కాఫీపొడి. దీనివల్ల గట్టు మీద కూరగాయలు తరగడానికి రెండడుగుల చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంటోంది, ఆ రెండడుగులు ఎవరికీ ఇవ్వను, మా ఆయన వాటర్ క్యాన్ అక్కడ పెట్టబోతే కూడా వద్దన్నా.

తర్వాత చెయ్యాల్సింది సింక్ కింద. అక్కడ వంపు పైపు మధ్యలో అడ్డొస్తుంది కాబట్టి పైపుకి అటొకటి ఇటొకటి రెండు చిన్న స్టాండ్లు కావాలి, ఎడమ వైపు 11, కుడి వైపు 14 అంగుళాలు ఉంది. తడి చోటు కాబట్టి చెక్క వద్దనుకుంటున్నా, స్టీల్ జాలీ అరలు దొరుకుతాయేమో చూడాలి, పైపు విప్పడానికి ప్లంబర్ చెయ్యి పట్టేంత సందు కూడా వదలాలి. మీలో ఎవరైనా అక్కడ అల్యూమినియం వాడుంటే ఎన్నాళ్ళు మన్నిందో చెప్పండి.