ఉప్పు తిప్పితే మూఢనమ్మకం, కినహోరా అంటే కల్చర్

“అమ్మా, ఈ ఉప్పు తిప్పడం మానేయ్, సూపర్‌స్టిషన్” అని నా చెయ్యి తోసేసిన మా అమ్మాయి, ఇప్పుడు తమ్ముణ్ణి ఎవరు మెచ్చుకున్నా “కినహోరా” అంటోంది. యూదుల ఇంటి స్నేహితురాలి బామ్మ దగ్గర పట్టుకొచ్చింది. “మనవరాలికి పదమూడు నిండాయి, కినహోరా” అని, వెంటనే తూ తూ తూ అని మూడుసార్లు ఉమ్మినట్టు చేస్తుందట ఆవిడ. అది క్యూట్ అట.

నాకు ఒళ్ళు మండింది. అసూయే అనుకోండి.

అది తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో మాట. అందులో ‘కెయ్న్’ జర్మన్ వైపు నుంచి వచ్చింది, లేదు అని. ‘అయిన్ హరా’ హీబ్రూ, చెడ్డ కన్ను. రెండూ నోట్లో నలిగి ఒకటయ్యాయి. అచ్చంగా మన ‘దిష్టి తగలకుండా’నే! భయం ఇంకా పాతది. కరువులో ఈజిప్టుకి పంపుతూ బైబిల్లోని యాకోబు కొడుకులతో, అందరూ ఒకే గుమ్మంలోంచి వెళ్ళకండి, కళ్ళు పడతాయన్నాడని రబ్బీలు, అంటే యూదు మతగురువులు, చెప్పేవారు. యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లోనైతే చిట్కా కూడా ఉంది: కుడి బొటనవేలు ఎడమ పిడికిట్లో, ఎడమది కుడి పిడికిట్లో బిగించి, నేను యోసేపు వంశం, నాకు చెడ్డ కన్ను అంటదు అనుకోవాలి. మనుషుల్ని లెక్కపెట్టాల్సొస్తే యిడ్డిష్‌లో “ఒకటి కాదు, రెండు కాదు” అంటూ లెక్కపెట్టేవారు. తినేవాళ్ళ ముద్దలు లెక్కపెట్టనివ్వని మా అమ్మమ్మకి ఇది భలే నచ్చేది. న్యూయార్క్ పిల్లల నోట్లో కినహోరా కాస్తా ‘కెనారీ’ అయింది. నాకు కెనారీ పెట్టకు అంటే దిష్టి పెట్టకు అని.

ఊళ్ళు మారినవాళ్ళకి నోటిమాట తేలిక. మన తంతుకి సరంజామా కావాలి. ఎండుమిరపకాయలు మాడితే స్మోక్ అలారం మోగుతుంది, మా ఆయన తువ్వాలు పట్టుకుని దాని కింద గెంతుతాడు. తిప్పిన ఉప్పు ఎవరూ తొక్కని చోట పోయాలి. నేను సింకులో పోసి నీళ్ళు వదులుతాను. ఇంకా నేనే పిల్లలకి “ఏదీ గుడ్డిగా నమ్మకండి” అని క్లాసు పీకుతాను, మా అమ్మాయి వయొలిన్ వీడియో మాత్రం ఫ్యామిలీ గ్రూపులో పెట్టను.

అందుకే, తంతు పక్కనపెట్టి పిల్లలకి మాట ఒక్కటీ ఇస్తే చాలని మీకు సలహా ఇద్దామనుకున్నా. నా దగ్గరా మాట ఉందిగా! “ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా దిష్టి” అని మా అమ్మాయికి చెప్పి చూపించా.

“నీ దిష్టి కూడానా? నువ్వెందుకు పెడతావ్?”

“అతిగా మెచ్చుకుంటే కన్నతల్లి కన్నయినా తగులుతుంది” అన్నాను.

“నువ్వెప్పుడు మెచ్చుకున్నావ్?” అంది.