బీట్‌కి గొంతు దొరికింది, రెండో వెర్స్ ఇంకా బాకీ

ఇంట్లోనే ఒక ర్యాప్ పాట చేస్తున్నాను. దాని గురించి పోయినసారి రాసినప్పుడు చేతిలో బీట్, అంటే వెనక వాయిద్యాల ట్రాక్, ఒక్కటే ఉంది. ఇప్పుడు హుక్ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి) రికార్డ్ అయింది, మొదటి వెర్స్ (ర్యాప్ చరణం) అయింది, రెండో వెర్స్ మా ర్యాపర్ ఫోన్ నోట్స్‌లో సగం దాకా వచ్చి ఆగింది. బీట్ వేగం అదే 90 బీపీఎం (నిమిషానికి 90 దెబ్బలు). కీ (పాట శృతి) మాత్రం ఎఫ్ మైనర్ నుంచి జి షార్ప్ మైనర్‌కి మారింది, ఎందుకో కింద చెప్తా.

ముందు మనుషులు ఎలా దొరికారో చెప్పాలి. హైదరాబాద్‌లో పాడేవాళ్లకి కరువు లేదు. "సింగర్ కావాలి" అని ఒక్క మాట అంటే చాలు, కృష్ణానగర్ నుంచి కూకట్‌పల్లి దాకా అందరూ కరోకే ట్రాకులు పంపిస్తారు, అన్నిట్లోనూ గుహలో పాడినట్టు రివర్బ్. వాటిని విని గొంతు ఎలాంటిదో చెప్పడం ఎవరి వల్లా కాదు. అందుకే బీట్‌లో ఎనిమిది బార్ల (బార్ అంటే నాలుగు దెబ్బలు) ముక్క పంపి, ఇయర్‌ఫోన్స్‌లో ఇది వింటూ ఫోన్‌లోనే పాడి, ఏ ఎఫెక్టూ వేయకుండా పంపమని అడిగాను. 90 బీపీఎంలో ఎనిమిది బార్లంటే 21 సెకన్లు, ఎవరికీ పెద్ద పని కాదు. అయినా చాలామంది మళ్లీ పాత కరోకేలే పంపారు. అడిగింది పంపినవాళ్లలోనే వెతికాను. టైమింగ్ ఉందా, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారు అన్నవి ఆ 21 సెకన్లలోనే తెలిసిపోతాయి, పైగా చెప్పిన పని చేసే మనిషా కాదా అన్నది కూడా.

అలా ర్యాపర్ దొరికాడు, టోలిచౌకి కుర్రాడు, దక్కనీ (హైదరాబాదీ ఉర్దూ), తెలుగు రెండూ కలిపి రాస్తాడు. హుక్ పాడిన అమ్మాయి మా కొలీగ్ చెల్లెలి ఫ్రెండ్, రాంకోఠిలోని త్యాగరాజ సంగీత కళాశాలలో కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది.

ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న: "శృతి ఎంత పెట్టారండీ? నాది ఐదున్నర." ఐదున్నర అంటే జి షార్ప్. సరే, బీట్‌ని మూడు సెమిటోన్లు (స్వరస్థానాలు) పైకి జరిపాను. బాస్, కీస్ (కీబోర్డ్) మిడిలోనే, అంటే రికార్డ్ చేసిన ధ్వనిగా కాక మార్చుకోగల నోట్లుగానే, ఉన్నాయి కాబట్టి నిమిషంలో పని, డ్రమ్స్ ముట్టుకోలేదు. శాంపిల్ లూప్ (తిరిగి తిరిగి మోగే రికార్డింగ్ ముక్క) మాత్రం అంత పైకి జరిపేసరికి పీలగా అయిపోయింది, దాన్ని తీసేసి అదే వరస కీస్ మీద కొత్తగా వాయించాను. ఒక లాభం ఏంటంటే 808 (లోతైన బాస్ శబ్దం) కింద నోటు దాదాపు 44 హెర్ట్జ్ నుంచి 52కి వచ్చింది, కార్లో ఇదివరకటి కంటే గట్టిగా వినిపిస్తోంది.

అసలు పని గమకాల దగ్గర వచ్చింది. గాంధారాన్ని (గ స్వరాన్ని) ఊపుతూ పాడుతోంది, వెనక నా ఎలక్ట్రిక్ పియానో అదే నోటుని కదలకుండా పట్టుకుని కూర్చుంది, రెండూ కొట్టుకుంటున్నాయి. గమకం తగ్గించి పాడమని అడగొచ్చు కానీ దానికోసమే కదా ఆ గొంతు కావాలనుకున్నది! హుక్ వరకు కార్డ్స్‌లోంచి, అంటే కలిపి మోగే నోట్లలోంచి, థర్డ్ (మూడో స్వరం) తీసేసి, రూట్, ఫిఫ్త్ (మొదటిది, ఐదోది) మాత్రమే ఉంచాను, గొడవ తీరింది. పిచ్ కరెక్షన్ (శృతి సరిచేసే సాఫ్ట్‌వేర్) కూడా హుక్ మీద వేయలేదు, దాని స్పీడ్ పెంచితే గమకం మెట్లు మెట్లుగా తెగిపోతుంది. ఇంకో సంగతి, ఆమెది తాళానికి సూటిగా పడే పాట, ఈ బీట్‌కేమో కాస్త వెనక్కి వాలి పాడితేనే బాగుంటుంది. అది చెప్పి చేయించడం కంటే వోకల్ ట్రాక్‌ని 15 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడేలా జరపడం తేలికైంది.

ర్యాపర్ బీట్ వినగానే "అన్నా, ఇంత జనంలో నేనెక్కడ నిలబడాలి?" అన్నాడు. వెర్స్‌లో ఫ్లూట్ తీసేశాను, హై హ్యాట్లు (డ్రమ్స్‌లో టిక్ టిక్ మనే తాళాలు) సగం చేశాను, కీస్‌లో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 3 డీబీ (శబ్దం కొలత) తగ్గించాను. మాటలు స్పష్టంగా వినిపించేది ఆ చోటే కాబట్టి, వాల్యూమ్ పెంచకుండానే గొంతు ముందుకు వచ్చింది. అతని దక్కనీ లైన్లు హల్లుతో ఆగి స్నేర్ (టక్కుమనే డ్రమ్) మీద టక్కున పడతాయి, తెలుగు లైన్లు అచ్చుతో సాగి తర్వాతి బీట్‌లోకి జారతాయి, అందుకని తెలుగు లైన్ల చివర స్నేర్ మోతకి కొంచెం తోక ఎక్కువ ఇచ్చాను. ఎవరూ గమనించరు, నాకు మాత్రం తెగ నచ్చింది.

రికార్డింగ్ మా ఇంట్లోనే. ఫ్యాన్ బంద్, గోడకి బొంతలు, పైవాళ్ల బోరు మోటార్ ఆగాక రాత్రి పది దాటి మొదలు. నా కండెన్సర్ మైక్ వీధి చివర కుక్కని కూడా పట్టేస్తోంది, ఫ్రెండ్ దగ్గర తెచ్చిన డైనమిక్ మైకే ఈ గదికి నయం. నోటికీ మైక్‌కీ మధ్య జానెడు కంటే కాస్త తక్కువ దూరం, పాప్ ఫిల్టర్, 24 బిట్, పీక్స్ (గొంతు బాగా గట్టిగా పడే చోట్లు) మైనస్ 10 డీబీ దాటకుండా. లీడ్ (అసలు గొంతు) ఒకటి, డబుల్స్ (అదే మాట మళ్లీ పాడి కలిపేది) లైన్ చివరి మాటలకి మాత్రమే, యాడ్‌లిబ్స్ (మధ్యమధ్యలో వేసే చిన్న మాటలు) వేరే ట్రాక్‌లో. ఇంటి దగ్గర పాడి పంపేవాళ్లకి బీట్ వేవ్ ఫైల్‌గా, డ్రైవ్ లింక్‌లో ఇవ్వండి. ఎంపీత్రీలో మొదట కొద్దిపాటి ఖాళీ చేరుతుంది, తర్వాత వాళ్ల వోకల్స్ తెచ్చి పెట్టుకుంటే సరిగ్గా కూర్చోవు.

డబ్బు సంగతి మొదట్లోనే తేల్చుకున్నాం. ఆమెకి ఫీజు, సగం అడ్వాన్స్, పాట ఎక్కడ పెట్టినా పేరు తప్పనిసరి. అతను ఫీజు వద్దన్నాడు, లిరిక్స్ మొత్తం అతనివే కాబట్టి వచ్చేదాంట్లో చెరిసగం. ఇదంతా వాట్సాప్ గ్రూపులో రాసి ముగ్గురం ఓకే పెట్టాం. 2012 కాపీరైట్ సవరణ తర్వాత రాసినవాళ్ల రాయల్టీ హక్కుని వదులుకోమని ఎవరూ రాయించుకోలేరు, ఆ సంగతి కుర్రాడికి చెప్తే పాటలు రాసినవాళ్లకీ స్వరకర్తలకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ ఐపీఆర్ఎస్‌లో ఎలా చేరాలో అప్పుడే వెతకడం మొదలుపెట్టాడు.

రెండో వెర్స్‌లో మొదటి నాలుగు బార్లు డ్రమ్స్ పూర్తిగా ఆపేయమంటున్నాడు. నాకు ఇష్టం లేదు, రెండు బార్లు చాలంటున్నాను. రెండు వెర్షన్లూ చేసి ఆదివారం అతనికి వినిపిస్తా.