‘కావాలి’ అన్న మాటకు రెండు అర్థాలు

“ఈ వేసవిలో నేను విమానం ఎక్కను, అమ్మమ్మకు ఆ సంగతి నువ్వే చెప్పమ్మా” అని మా పద్నాలుగేళ్ల అమ్మాయి అన్న రాత్రి, పర్యావరణ నీతి మీద వారం వారం జరుగుతున్న ఉపన్యాసాలలో నాలుగవది విని మేమిద్దరం అప్పుడే ఇంటికి చేరాం. ఆ ఉపన్యాసాలకు రమ్మని పట్టుబట్టింది నేనే. అయినా నాకు కోపం వచ్చింది. “వినడం వేరు, బతకడం వేరు” అని గట్టిగా అనేశాను. ఆ వాక్యం నా నోటి నుంచి వచ్చిందన్న బాధ ఇంకా తగ్గలేదు.

నిజం చెప్పాలంటే, పిల్లను అక్కడికి తీసుకువెళ్లడంలో నా మొదటి ఉద్దేశం భూమి కాదు, భాష. విన్నదంతా ఇంటికి వచ్చాక నాకు తెలుగులో చెప్పాలన్నది మా ఒప్పందం. తనకు ఇంటి పనుల తెలుగు వచ్చును గాని, ఆలోచించడానికి పనికివచ్చే తెలుగు రాదన్న దిగులు నాకు చాలాకాలంగా ఉంది.

మొదటి వారం ఆల్డో లియోపోల్డ్ అనే అమెరికన్ ప్రకృతి రచయిత గురించి చెప్పారు. నేల, నీరు, మొక్కలు, జంతువులు కూడా మనం బతికే సమాజంలో సభ్యులేననీ, మనిషి వాటిని జయించినవాడు కాదు, వాటిలో ఒకడేననీ ఆయన రాసినది, ఆయన మరణించిన మరుసటి ఏడాది, 1949లో వెలువడింది. దాన్ని అమ్మాయి సులువుగానే చెప్పగలిగింది. చిక్కు రెండో వారం, సుస్థిరాభివృద్ధికి 1987లో, ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన బ్రంట్‌లాండ్ సంఘం ఇచ్చిన నిర్వచనం దగ్గర వచ్చింది. “ఇప్పటివాళ్లు తమకు కావలసినవి తీర్చుకోవచ్చు, కానీ తరవాత పుట్టేవాళ్లు తమకు కావలసినవి తీర్చుకునే వీలు చెడగొట్టకూడదు” అని చెప్పి ఆగిపోయింది. “అమ్మా, ‘కావాలి’ అంటే అది లేకపోతే బతకలేమనా, ఉంటే బాగుంటుందనా?” రెండూ అన్నాను. “మరి ఏది ఏదో ఎలా తెలుస్తుంది?” ‘అవసరం’ అనే మాట వేరే ఉందని నేర్పి, ఆ పూటకు తప్పించుకున్నాను.

నాలుగో వారం నాకు ఎంతో నచ్చిన విషయం వచ్చింది. రెండూ భూమిని వేడెక్కించే వాయువులే అయినా, పేద దేశాల వరి పొలాల నుంచి వెలువడే మీథేన్‌ను, సంపన్నుల కార్ల నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను ఒకే గాటన కట్టడం అన్యాయమని 1991లో మన దేశపు పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ వాదించారు. మరో రెండేళ్లకు హెన్రీ షూ అనే తత్వవేత్త, బతకడానికి తప్పనిసరైన ఉద్గారాలు, అంటే గాలిలోకి వదిలే ఇలాంటి వాయువులు వేరు, విలాసం కోసం చేసే ఉద్గారాలు వేరు అని విడదీసి చూపాడు. బాధ్యత అందరిదీ అయినా అందరికీ ఒకే మోతాదులో ఉండదన్న సూత్రం 1992 నాటి వాతావరణ ఒప్పందంలోనే ఉంది. తిరిగి వస్తున్నంతసేపూ ఉపన్యాసకుడి కన్నా నేనే ఎక్కువ ఉత్సాహంగా, ఆకాశాన్ని ఈ పొగతో నింపినది ఎవరో, దాని ఫలితం అనుభవిస్తున్నది ఎవరో చెప్పుకుంటూ వచ్చాను. అంతా విని అమ్మాయి అడిగింది: “సరే, మనం ఇప్పుడు ఎవరి లెక్కలోకి వస్తాం?”

ఈ దేశానికి వచ్చిన నాటి నుంచి నా ఇంటి వెచ్చదనం, నా కారు, నా ప్రయాణాలు అన్నీ సంపన్న దేశపు ఖాతాలోనే పడుతున్నాయి. వాదనకు కూర్చున్నప్పుడు మాత్రం నేను, ఎన్నడూ విమానం ఎక్కని ఒక రైతు పక్కన నిలబడి, అతని న్యాయమైన వాటాను నా వాటాగా చెప్పుకుంటున్నాను. ఎవరూ ఎత్తిచూపనందువల్ల ఇన్నేళ్లూ నాకది తప్పుగా తోచలేదు.

విమానం ఎక్కనన్న మాటకు మరునాడు జవాబులు వెతికాను. ప్రపంచపు కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలలో విమానాల వాటా సుమారు 2.5 శాతమేనని చెప్పాను. ఆ కొద్దిమేరా విమానం ఎక్కగలిగిన కొద్దిమంది వల్లనే కదా అంది. మనం ఎక్కకపోయినా ఆ విమానం ఎగురుతుందన్నాను. అందుకు మూడో వారం విన్న డెరెక్ పార్ఫిట్ అనే తత్వవేత్తను గుర్తుచేసింది. ఒక్కరి పని వల్ల కలిగే హాని కంటికి ఆననంత చిన్నదైనా, అలాంటివి ఎందరివో కలిసి పెద్ద హాని అవుతున్నప్పుడు ఆ పని తప్పు కాకుండా పోదని 1984లో ఆయన రాశాడట. ‘హాని’ అన్న మాటను ఎక్కడా తడబడకుండా పలికింది. నేను కోరుకున్న తెలుగు అదే.

ఇలాంటి ఉపన్యాసాలకు పిల్లలను తీసుకువెళ్లే తల్లిదండ్రులకు, మీరు ఏది వదులుకోగలరో ముందే తేల్చుకుని వెళ్లండి అని చెబుదామనుకున్నాను. రాస్తూంటే అది సరైన సలహాయేనా అన్న సందేహం కలుగుతోంది. ముందే తేల్చుకుని ఉంటే నేను వెళ్లేదాన్నే కాదేమో. అమ్మమ్మను చూడడం బతకడానికి తప్పనిసరా, విలాసమా? షూ చేసిన విభజనలో దానికి చోటు ఎక్కడో నాకు తెలియడం లేదు. ఏటా కాక మూడేళ్లకొకసారి వెళ్లి, వేసవంతా అక్కడే ఉండి వద్దామని అమ్మాయి అంటోంది. లెక్కగా చూస్తే అది సబబే. కానీ మా అమ్మ బడిలో చేరిన కాలంలో, 1958లో, హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతం మీద గాలిని కొలవడం మొదలుపెట్టినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పది లక్షల వంతుల్లో 315 వంతుల దగ్గర ఉండేది. ఇప్పుడు 420 దాటింది. ఆ పెరుగుదలంతా ఆవిడ ఒక్క జీవితకాలంలో జరిగినదే. ఆవిడకు ఇంక ఎన్ని మూడేళ్లు మిగిలి ఉన్నాయి?

నిన్న అమ్మ ఫోనులో, ఎప్పుడు వస్తున్నారని అడిగింది. సెలవుల సంగతి ఇంకా తేలలేదని అబద్ధం చెప్పాను. అమ్మాయి వచ్చి నా చేతిలోంచి ఫోను తీసుకుంది. “అమ్మమ్మా, నువ్వు నాకు కావాలి” అని మొదలుపెట్టి, తరువాతి మాటకు తెలుగు దొరకక నా వైపు చూసింది. అందించడానికి నా దగ్గరా మాట లేదు.