దారాసింగ్, లూ థెజ్

కండపుష్టి గల కుర్రవాడు కనబడితే మా కడప పెద్దలు ఇప్పటికీ ‘దారాసింగ్ లెక్కుండాడే’ అంటారు. తనకంటే ఎంతో బరువైన, హంగేరీ మూలాలున్న ‘కింగ్‌కాంగ్’ అనే మల్లుణ్ణి కుస్తీవీరుడు దారాసింగ్ అమాంతం పైకెత్తిన ముచ్చటే వారి నోట ఎక్కువగా వినిపిస్తుంది.

నాకు మాత్రం 1968 మే 29న బొంబాయిలో అమెరికా మల్లుడు లూ థెజ్‌ను ఆయన ఓడించి ప్రపంచ బిరుదు అందుకున్న పోటీ మీదనే ఆసక్తి. ఆ కాలపు వృత్తి కుస్తీలలో గెలుపోటములు చాలావరకు ముందే కుదుర్చుకున్నవే అయినా, థెజ్ అసలైన కుస్తీ క్షుణ్ణంగా నేర్చినవాడు. ఒక చేత్తో ప్రత్యర్థి మణికట్టును పట్టి, రెండో చేతిని అతని చేయి చుట్టూ పోనిచ్చి తన మణికట్టునే బిగించి, అతని మోచేతిని వంచి, భుజం కీలును వెనక్కి మెలితిప్పే పట్టులో ఆయన దిట్ట. ఆ పోటీనాటికి థెజ్ వయసు 52 ఏళ్లన్న సంగతి మన పెద్దలెవరూ చెప్పరు!